కియాంతి పేరు ఎవరిది?

మా సాయంకాలపు తెలుగు తరగతికి వచ్చే ఒకరు ఇటలీ చూసి వచ్చి, ఒక ఖాళీ ద్రాక్షసారా సీసాను మా బల్లమీద పెట్టారు. "దీనిమీద ఈ నల్ల కోడిపుంజు ఏమిటి మాష్టారూ?" అని అడిగారు. మాకు త్రాగే అలవాటు లేదు. అయినా చరిత్ర చెప్పడానికి అది అడ్డు కాదు గదా!

కియాంతి మొదట ఒక కొండసీమ పేరు. అది ఫ్లారెన్సు, సియెనా నగరాల నడుమ ఉన్నది. 1716లో టస్కనీ ప్రభువు మూడవ కోసిమో ఒక శాసనం చేసి, కియాంతితో సహా నాలుగు సీమలకు ఎల్లలు గీశాడు. బయట పండిన సరుకును ఆ పేర్లతో అమ్మరాదన్నాడు. అయినా మోసం ఆగలేదు. 1924లో 33 మంది ఉత్పత్తిదారులు రాద్దా అనే ఊళ్ళో సంఘం పెట్టుకొని కోడిపుంజును గుర్తుగా ఎంచుకున్నారు. 1932లో ప్రభుత్వమే చుట్టుపక్కల సీమలకు కూడ కియాంతి పేరు ఇచ్చింది. పాత కొండలకు మరికొన్ని ఊళ్ళు చేర్చి ‘క్లాసికో’ అని తోక తగిలించింది. సొంత పేరుకు తోక పెట్టుకోవలసి రావడం ఎంత కష్టం! ఓడ దస్త్రాలలో పేర్లు మారిపోయిన పెద్దల మనుమలం మనం, మనకు ఇది తెలియని బాధ కాదు.

1963 నాటి చట్టంతో నేటి తరగతులు మొదలైనవి. అడుగున మామూలు బల్లసారా. దానిపైన ‘డి.ఒ.సి.’, అనగా పుట్టిన చోటు, ద్రాక్ష రకం, తయారీ నియమాలు అన్నీ నిర్ణయమైనది. అన్నిటికన్న పైన, ప్రభుత్వ పరీక్షకు నిలిచి, మెడకు అంకె వేసిన చీటీ కట్టించుకునే ‘డి.ఒ.సి.జి.’. ఈ గౌరవం 1980లో బరోలో, బ్రునెల్లో వంటివాటికి ముందుగా దక్కింది.

అయితే చట్టం కూడ తప్పటడుగు వేసింది. 1872లో రికాసోలి ప్రభువు కియాంతి పాళ్ళు వ్రాస్తూ, తెల్లద్రాక్ష త్వరగా త్రాగేదానికే మంచిది, నిలవ ఉంచేదానికి వద్దన్నాడు. 1967 నియమాలు మాత్రం తెల్లద్రాక్షను తప్పనిసరి చేశాయి! నియమాలకు లోబడని ఆంతినోరి కుటుంబం వారి ‘తిన్యానెల్లో’ బల్లసారా పేరుతోనే అమ్ముడై, కియాంతికన్న ఎక్కువ ధర పలికింది.

1986లో ఘోరం జరిగింది. కొందరు వ్యాపారులు చవక సారాలో ఘాటు కోసం మిథనాల్ కలపగా 20 మందికి పైగా చనిపోయారు. తరువాత 1992 చట్టం తరగతులను సవరించి, మధ్యలో ‘ఐ.జి.టి.’ అనే మెట్టు కట్టింది. తిన్యానెల్లో వంటివాటికి అక్కడ చోటు దొరికింది.

క్లాసికోలో తెల్లద్రాక్షను 2006లో పూర్తిగా నిషేధించారు. మా బల్లమీది సీసా ఆ తరువాతిదే. రికాసోలి మాట నెగ్గడానికి నూట ముప్పై ఏళ్ళకు పైగా పట్టింది.