పిన్ను కొట్టి అమ్మిన పుస్తకాలు

కామారెడ్డి నుంచి నిజామాబాద్ పోయే జాతీయ రహదారి మీది సదాశివనగర్ లాంటి ఊళ్లకు తెలుగు వారపత్రిక అలవాటు కాస్త ఆలస్యంగానే అయింది. నిజాం ఏలుబడిలో హైస్కూలు చదువు చాలావరకు ఉర్దూలో సాగింది. తెలుగు మీడియంలో చదివిన తొలి తరం చేతికొచ్చేసరికి 1960లు వచ్చేశాయి. విజయవాడ, మద్రాసు పత్రికల్లో ప్రేమ సీరియళ్లు జోరందుకున్నది కూడా అప్పుడే.

కోస్తా వాళ్లకు ఈ రుచి అంతకు ముందే తెలుసు. కొవ్వలి లక్ష్మీనరసింహారావు వెయ్యికి పైగా నవలలు రాస్తే, రైలు ప్రయాణాల్లో వాటిని కొని చదివి పారేసినవాళ్లు లెక్కలేనంతమంది. జంపన చంద్రశేఖరరావుదీ అదే బాట. పండితులు ముక్కు చిట్లించారు గానీ, కూడబలుక్కుని చదివేవాళ్లకు పుస్తకం అలవాటు చేసింది వీళ్లే.

యద్దనపూడి సులోచనారాణి నవల 'సెక్రటరీ' జ్యోతి మాసపత్రికలో వచ్చాక ఆడవాళ్లు సీరియల్ కోసం ఎదురుచూడటం మొదలైంది. 1976లో అది సినిమా కూడా అయింది. ఆరడుగుల హీరో, కారు, బంగళా, అభిమానవతి అయిన అమ్మాయి! వాళ్ల మాటలన్నీ కృష్ణా జిల్లా మాటలే. మన దగ్గరి ఆడపిల్లలు తమ యాసలో లేని ప్రేమను చదివి, తమదే అనుకున్నారు. దీని మీద జరగాల్సినంత చర్చ జరగలేదు.

ఇవన్నీ అద్దెపుస్తకాల దుకాణాల్లో దొరికేవి. డిపాజిట్ కట్టాలి, రోజుకింత అద్దె. అట్టకు ఖాకీ కాగితం, లోపల దుకాణం ముద్ర. ఒక్కోసారి చివరి పేజీ ఉండేది కాదు! ఇక బస్టాండు దుకాణంలో వేలాడే బూతు పుస్తకాల సంగతి వేరు. నిలబడి ఊరికే తిరగేయకుండా అంచులకు పిన్ను కొట్టేవాళ్లు. అడిగేవాడు పేరు చెప్పడు, అమ్మేవాడు పేరు అడగడు.

ఈ రెంటికీ మధ్య నిలబడింది 'అభిసారిక'. ధనికొండ హనుమంతరావు మొదలుపెట్టిన ఆ పత్రికను తర్వాత సామర్లకోట నుంచి రాంషా నడిపారు. సెక్సు గురించి శాస్త్రం పేరుతో మాట్లాడిన పత్రిక అది. ఇంట్లో మాత్రం పరుపు కిందే దాని చోటు.

అచ్చులో శృంగారం తెలుగుకు కొత్తేమీ కాదు. తంజావూరు కవయిత్రి ముద్దుపళని కావ్యం 'రాధికా సాంత్వనము'ను బెంగళూరు నాగరత్నమ్మ 1910లో అచ్చు వేయిస్తే అప్పటి ప్రభుత్వం నిషేధించింది. ప్రకాశం పంతులు మద్రాసు ప్రధానిగా ఉన్నప్పుడు గానీ ఆ నిషేధం తొలగలేదు. రాసింది ఆడది కావడమే అసలు నేరమైందని నా అనుమానం.

పరుపు కింది సంగతులను హాల్లోకి తెచ్చిన ఘనత, నింద రెండూ 'స్వాతి'వే. వేమూరి బలరాం 1970లో మాసపత్రిక, 1984లో 'సపరివార' వారపత్రిక పెట్టారు. సెక్సు సందేహాలకు డాక్టర్ సమరం జవాబులు, సరసమైన కథలు, సీరియళ్లు, భక్తి శీర్షికలు అన్నీ ఒకే అట్ట మధ్య. ఇంటిల్లిపాదీ కొనుక్కున్నారు, ఎవరికి కావలసిన పేజీ వాళ్లు చదువుకున్నారు. కేరళలోనూ ఇలాగే సీరియళ్లతో కొట్టాయం 'మంగళం' వారపత్రిక 1980ల్లో 17 లక్షల కాపీలు అమ్మింది. అక్కడి పండితులూ తిట్టారు, కానీ తర్వాత ఆ రాతల మీద పరిశోధనలూ చేశారు. మనవాళ్లు తిట్టి ఊరుకున్నారు.

1995లో ఈటీవీ, జెమిని వచ్చాక సీరియల్ టీవీలోకి వెళ్లిపోయింది. ఆంధ్రప్రభ, ఆంధ్రజ్యోతి వారపత్రికలు ఆగిపోయాయి. అద్దె దుకాణాల్లో చాలావరకు మూతపడ్డాయి.

పరువు కోసం దాచిన కాగితాన్ని చాలా లైబ్రరీలు కూడా దాచవు. కామారెడ్డి, ఎల్లారెడ్డి వైపు ఎవరి అటక మీదనైనా పాత 'యువ', 'అభిసారిక' పత్రికలు, అద్దె ముద్ర ఉన్న నవలలు ఉంటే కిలోల లెక్కన తూకానికి వేయకండి. హైదరాబాద్ సుందరయ్య విజ్ఞాన కేంద్రం లాంటి గ్రంథాలయాన్ని ఒకసారి అడిగి చూడండి.