బోదకాలు చెప్పిన పాఠము: శరీర రక్షణశక్తి కథ

ఏలూరు, తాడేపల్లిగూడెము, కొల్లేటి లంకలు – ఈ సీమకు నీరే సంపద. బుడమేరు, తమ్మిలేరు మొదలగు ఏరులు తెచ్చిన నీరు కొల్లేటిలో చేరి, ఉప్పుటేరు ద్వారా సముద్రమునకు పోవును. 1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైన పిమ్మట గోదావరి నీరు కాలువల వెంట పల్లెపల్లెకు చేరి పంటలు పండించినది. కాని నీరు కదలక నిలిచిన చోట దోమ పుట్టును. పెరటి మురుగుగుంటలోను, పూడిన కాల్వలోను పెరుగు క్యూలెక్స్ దోమ ఈ డెల్టా ప్రాంతమునకు చిరకాలముగా పంచుచు వచ్చిన వ్యాధి బోదకాలు.

శరీరము తన శత్రువును ఎట్లు గుర్తించును? ఎట్లు పోరాడును? ఒక్కొక్కప్పుడు ఏల ఓడిపోవును? ఉన్నత పాఠశాలలో ఈ ప్రశ్నలను బోధించుటకు ఎక్కడి ఉదాహరణములనో వెదకనక్కరలేదు. ఈ ఒక్క వ్యాధి చరిత్రలో వానికి సమాధానములున్నవి.

1872లో కలకత్తాలో తిమొతి లూయిస్ అను వైద్యుడు రక్తపు చుక్కను సూక్ష్మదర్శిని క్రింద పరీక్షించి, అందు మెలికలు తిరుగుచున్న సన్నని క్రిములను చూచెను. అవి ఒక పురుగు పిల్లలు. 1876లో ఆస్ట్రేలియాలోని బ్రిస్బేనులో జోసెఫ్ బాన్‌క్రాఫ్ట్ తల్లిపురుగును కనుగొనెను. మరుసటి యేడు చైనాలోని అమోయ్ రేవులో పాట్రిక్ మాన్సన్ ఆ పిల్లలు దోమ శరీరములో పెరుగుట గమనించెను. అయితే దోమలు చచ్చిపడిన నీరు త్రాగుటచే వ్యాధి వచ్చునని ఆయన తలచెను. 1900లో జార్జి లో అను వైద్యుడు దోమ తొండములోనే క్రిములున్నవని చూపిన తరువాతగాని దోమకాటే కారణమని తేలలేదు. పగలు రక్తములో కానరాని ఈ పిల్లలు రాత్రివేళ బయటికి వచ్చునని కనిపెట్టినవాడు కూడ మాన్సనే. క్యూలెక్స్ దోమ కుట్టునదియు రాత్రియే. ఆరోగ్యశాఖవారు రాత్రిపూట ఇంటింటికి వచ్చి వ్రేలినుండి రక్తపు చుక్క తీయుటలోని మర్మము ఇదియే.

అదే కాలమున శరీర రక్షణ రహస్యము కూడ వెల్లడి కాసాగినది. 1882లో ఇటలీలోని మెస్సీనాలో రష్యా శాస్త్రజ్ఞుడు మెచ్నికాఫ్ నక్షత్రచేప డింభకమునకు ముల్లు గ్రుచ్చి చూచెను. మరునాటికి కదలెడు కణములు ఆ ముల్లును చుట్టుముట్టియుండెను. సూక్ష్మజీవులను మ్రింగు ఇట్టి కణములను ఆయన భక్షక కణములనెను. 1890లో జర్మనీలో బేరింగ్, కిటసాటోలు మరియొక సంగతి చూపిరి. ధనుర్వాత విషమును తట్టుకొన్న జంతువు రక్తరసమును మరియొక జంతువునకు ఎక్కించినచో, దానికిని రక్షణ కలుగును. అనగా రక్షణ కణములలోనే కాదు, ద్రవములో కూడ ఉన్నదన్నమాట. ఆ ద్రవములోని ఆయుధములే ప్రతిరక్షకములు. కణములే ముఖ్యమని మెచ్నికాఫ్ పక్షము, ద్రవమే ముఖ్యమని జర్మను పక్షము వాదించిరి. 1908లో నోబెల్ బహుమానమును మెచ్నికాఫ్, ఎర్లిఖ్‌లకు కలిపి ఇచ్చిరి. రెండు పక్షములు చెప్పినదియు నిజమేయని తరువాతి పరిశోధనలు తేల్చినవి. ప్రతిరక్షకము శత్రువునకు గుర్తు పెట్టును. భక్షక కణము ఆ గుర్తు చూచి మ్రింగును.

ఇట్టి సేన ఉండగా బోదపురుగు ఏండ్ల తరబడి శరీరములో ఎట్లు బ్రతుకుచున్నది? ఆ పురుగు నివసించు చోటును గమనింపుడు. అది కాపురముండునది శోషరస నాళములలో. రక్షక కణములు ప్రయాణము చేయు దారులవి. ఆ దారులలోని గ్రంథులు వాని శిబిరములు. దొంగ ఠాణా ప్రక్కనే ఇల్లు కట్టుకొన్నట్లున్నది! ఈ పురుగు విడుచు పదార్థములు శరీరపు ప్రతిఘటనను చల్లార్చును. మన రక్షణ వ్యవస్థలోనే, పోరు హద్దు మీరకుండ ఆపు కణములు కొన్ని గలవు. పురుగు వానిని తనకు అనుకూలముగా మలచుకొనును. అందువలన రక్తమునిండ క్రిమిపిల్లలున్నను పైకి ఆరోగ్యవంతుడుగా తిరుగువారెందరో ఉందురు. వారిని కుట్టిన దోమ ఇరుగుపొరుగులకు వ్యాధిని చేర్చును.

పురుగుండుటచే నాళములు వ్యాకోచించి, శోషరసము కాలిలో నిలిచిపోవును. పురుగు చచ్చినపుడు అచ్చట వాపు పుట్టును. చర్మపు పగుళ్ళలోనుండి సూక్ష్మజీవులు చొరబడి, చలిజ్వరము తెచ్చి, గజ్జలలో బిళ్ళలు కట్టించును. ఇట్టి జ్వరము వచ్చిన ప్రతిసారి కాలు మరికొంత లావగును.

రక్షణ చల్లారుట ఒక కీడైతే, మితిమీరుట మరియొక కీడు. 1940లో మదనపల్లె చెంతనున్న ఆరోగ్యవరము క్షయ చికిత్సాలయములో ఫ్రిమోట్ మొల్లర్, బార్టన్ అను వైద్యులు ఒక వింత వ్యాధిని వర్ణించిరి. దగ్గు, ఆయాసము చూడగా క్షయవలెనే ఉండెను. కాని రక్తములో ఇసినోఫిల్ అను తెల్లకణములు విపరీతముగా పెరిగియుండెను. 1960లో వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలవారు ఇట్టి రోగుల ఊపిరితిత్తులలోను, కాలేయములోను ఫైలేరియా క్రిమిపిల్లలను కనుగొనిరి. వీరి రక్తములో క్రిములు కానరావు. తీవ్రమైన ప్రతిఘటన వానిని ఊపిరితిత్తులలో పట్టి చంపుచు, ఆ పోరులో ఊపిరితిత్తులనే గాయపరచుచున్నది. శత్రువు ఒక్కటే, ప్రతిఘటన మాత్రము మనిషిమనిషికి వేరు.

ఈ వ్యాధికి మందు కనుగొన్న పరిశోధనకు నాయకత్వము వహించినవాడు ఈ సీమ బిడ్డయే. యల్లాప్రగడ సుబ్బారావు 1895లో భీమవరములో జన్మించెను. అమెరికాకు పోయి హార్వర్డులో పరిశోధన చేసి, 1940లో లెడర్లీ ప్రయోగశాలలో చేరెను. రెండవ ప్రపంచ యుద్ధములో పసిఫిక్ దీవులకు పోయిన అమెరికను సైనికులకు ఫైలేరియా సోకుటచే, మందుకొరకు అన్వేషణ ముమ్మరమైనది. ఫైలేరియా క్రిములున్న ఎలుకలపై అనేక రసాయనములను పరీక్షించి, 1947లో ఆయన బృందము డైఇథైల్ కార్బమజీన్‌ను లోకమునకు అందించినది. దాని వ్యాపార నామము హెట్రజాన్. 1948 ఆగస్టులో సుబ్బారావు మరణించెను.

ఇంతలో ఒక చిక్కు ఎదురైనది. మందు మ్రింగిన మనిషి రక్తమునుండి క్రిమిపిల్లలు త్వరలోనే మాయమగుచుండెను. గాజుపాత్రలో అదే మందును కలిపినచో క్రిములు చావకుండెను. 1950లో ఇంగ్లండులో ఫ్రాంక్ హాకింగ్, ఆయన సహచరులు దీనికి జవాబు చూపిరి. మందు పడిన పిమ్మట క్రిములు కాలేయములో చిక్కుకొనగా, అచ్చటి భక్షక కణములు వానిని మ్రింగుచున్నవి. మెచ్నికాఫ్ చూచిన కణములే ఇచ్చటను పని చేయుచున్నవి. మందు చేయునది శత్రువును పట్టి ఇచ్చుట, చంపునది శరీరము.

సుబ్బారావు బృందమే తయారుచేసిన ఫోలిక్ ఆమ్ల వ్యతిరేక పదార్థముల కోవకు చెందిన మెథోట్రెక్సేట్, కీళ్ళవాతములో పెచ్చు పెరిగిన రక్షణను అణచుటకు నేడు వాడబడుచున్నది. రక్షణకు తోడ్పడు మందు, దానిని అణచు మందు – రెండును ఒకే ప్రయోగశాల పంట.

1955లో మన దేశమున జాతీయ ఫైలేరియా నియంత్రణ కార్యక్రమము ప్రారంభమైనది. 2004 నుండి వ్యాధిగల జిల్లాలలో ఏడాదికొకసారి అందరికిని మాత్రలిచ్చు పద్ధతి మొదలైనది. గర్భిణులు, రెండేండ్లలోపు శిశువులు, తీవ్రవ్యాధిగ్రస్తులు మాత్రము వీనిని పుచ్చుకొనరాదు. మందు పిల్లక్రిములను నశింపజేసినంతగా తల్లిపురుగులను నశింపజేయదు. కనుకనే ఏటేట మ్రింగవలెను.

ఇచ్చటనే పాఠము పనికివచ్చును. “మాకు రోగము లేదు, మాత్ర ఎందుకు?” అందురు కొందరు. రక్తములో క్రిములున్నను పైకి తెలియదని వారికి చెప్పవలెను. “మాత్ర వేసికొన్న పక్కింటాయనకు జ్వరము వచ్చినది, మాకొద్దు” అందురు మరికొందరు. చచ్చుచున్న క్రిములనుండి వెలువడు పదార్థములకు శరీరము చూపు ప్రతిఘటనయే సాధారణముగా ఆ జ్వరము, ఆ తలనొప్పి. అవి ఒకటి రెండు రోజులలో తగ్గును. తగ్గనిచో వైద్యునికి చూపవలెను. జ్వరమునకు కారణము మాత్రలోని విషము కాదు, రక్తములో దాగిన శత్రువు బయటపడుటయే.

ఇదివరకే కాలు వాచినవారికి మాత్ర ఒక్కటే చాలదు. దినదినము సబ్బుతో కాలు కడిగి, వ్రేళ్ళ సందులు తడిలేకుండ తుడిచి, పగుళ్ళకు వెంటనే మందు రాయించుకొన్నచో జ్వరములు తగ్గును, వాపు పెరుగుట ఆగును. తరగతిలో ఈ సంగతి నేర్చిన విద్యార్థి ఆ సాయంకాలమే ఇంటిలోని తాతకో, నాయనమ్మకో చెప్పవచ్చును.