హంపి పోయాక మన సీమ

తళ్లికోట యుద్ధంతో 1565లో విజయనగర సామ్రాజ్యం పతనమైందని బడిలో చదివాం, పరీక్షల్లో అదే రాశాం. నంద్యాల, ఆళ్లగడ్డల నుంచి చూస్తే ఆ మాట సగమే నిజం. పోయింది రాజధాని. తిరుమలరాయలు పెనుగొండ చేరాక, రాజ్యం చంద్రగిరి, వేలూరుల మీదుగా మరో ఎనభై ఏళ్లు సాగింది.

దీనికి సాక్ష్యం ఆళ్లగడ్డ పక్కనే, అహోబిలంలో ఉంది. 1579లో గోల్కొండ ఇబ్రహీం కుతుబ్ షా సేనలు హండె నాయకుల సాయంతో ఆ క్షేత్రాన్ని పట్టుకున్నాయి. హండెవారు మొన్నటిదాకా రాయల సామంతులే! ఐదారేళ్ల తర్వాత, అహోబిల మఠం జీయరు వేడుకోగా, కొండ్రాజు వేంకటరాజు శ్రీరంగరాయల పక్షాన వచ్చి విడిపించాడు. 1584 నాటి శాసనం ఈ సంగతి చెబుతుంది. కూలిపోయిన రాజ్యం చేసే పని కాదిది.

మరి ఈ సీమ చేజారకుండా నిలిచేదా? నా లెక్కలో అసలు దెబ్బ తళ్లికోటలో కాదు, 1614లో తగిలింది. వెంకటపతిరాయలు కన్నుమూయగానే వారసత్వపు తగాదా రేగింది. జగ్గరాయడు కొత్త రాజును కుటుంబంతో సహా చంపించాడు. యాచమనాయకుడు ఒక పిల్లవాణ్ణి తప్పించి, అతని కోసం తోపూరు దాకా పోరాడాడు. మధుర, జింజి నాయకులు ఒకవైపు, తంజావూరు మరోవైపు. ఆ తగవే లేకుంటే, గోల్కొండ ఈ నాయకులందరినీ ఒక్కటిగా ఎదుర్కోవాల్సి వచ్చేది. 1650లో మీర్ జుమ్లాకు గండికోట అంత తేలిగ్గా దక్కేది కాదేమో. అయితే మధుర నాయకులు ఎప్పటికైనా కప్పం ఎగ్గొట్టేవారే అని కూడా నా అనుమానం. కాబట్టి రాజ్యం శాశ్వతంగా నిలిచేదని అనను. ఒకటి రెండు తరాలు గడువు దొరికేదంటాను.

ఆ గడువే దొరికితే, నంద్యాల కృష్ణమరాజుకు పింగళి సూరన ‘కళాపూర్ణోదయం’ అంకితమిచ్చినట్టు, ఇంకెన్ని కావ్యాలు ఇక్కడి కొలువుల్లో పుట్టేవో! మనం చేతులు మారి మారి నిజాం పాలిటికొచ్చాం. 1800లో ఆయన మనల్ని కుంపిణీకి ఇచ్చేస్తే ‘దత్తమండలాలు’ అనిపించుకున్నాం. ఎవరో ఎవరికో ఇచ్చేసిన నేల అని ఆ పేరుకు అర్థం. నూట ఇరవై ఎనిమిదేళ్లు దాన్నే మోశాం. 1928 నవంబరులో మన నంద్యాలలోనే జరిగిన సభలో చిలుకూరి నారాయణరావుగారు దాన్ని మార్చి ‘రాయలసీమ’ అందామన్నారు. సభ సరేనంది.