పలుకని పేటికలు

గత వేసవిలో మా యింటి అటుకపై సామాను దించుచుండగా, ఒక పాత కంప్యూటరునుండి ఊడదీసి దాచిన హార్డు డిస్కు మాకు దొరికినది. అరచేతి వెడల్పున, చిన్న ఇటుక బరువున నున్న ఆ లోహపు పెట్టెలో మేము సుమారు ఇరువది యేండ్ల క్రిందట సేకరించిన పాటలు కలవు. గుంటూరు వైపు ప్రత్తిపాడు, ప్రకాశము వైపు పర్చూరు ప్రాంతముల పల్లెలు తిరిగి, ప్రత్తి తీయు స్త్రీలును, మిరప కోతకు వచ్చినవారును పాడుచుండగా పట్టినవి. పాడినవారిలో మా మేనత్త యొకతె. ఆమె యిప్పుడు లేదు. ఆమె గొంతు మరియొకచోట నిలిచి యుండలేదు.

చిక్కు మూతి దగ్గరనే మొదలైనది. ఆ కాలపు డిస్కుకు 40 సూదుల వెడల్పాటి మూతి, దానికి పట్టె వంటి కేబులు. 2003 నుండి బజారునకు వచ్చిన సాటా పద్ధతిలో సమాచారము నడచునది 7 రేకుల సన్నని మూతిగుండ. నేటి కంప్యూటరులో పాత మూతికి చోటే లేదు. రెంటిని కలుపు అడాప్టరు నొకదానిని కొని తెచ్చితిమి. యూఎస్‌బీ తీగ నుండి వచ్చు 5 వోల్టులు ఈ పెద్ద డిస్కు మోటారునకు చాలవు. 12 వోల్టుల విద్యుత్తు వేరుగ నీయవలెను. అదియు నిచ్చితిమి. డిస్కు ఏ టకటక శబ్దమును లేక నిదానముగా తిరిగినది. కాని కంప్యూటరు తెరపై పాటల జాబితాకు బదులు ఒక ప్రశ్న కనబడినది: ఈ డిస్కును వాడవలెనన్న ముందు ఫార్మాటు చేయవలెను, చేయుదునా? అని.

ప్రక్కనున్న కుర్రవాడు "అవునని నొక్కెయ్యండి బాబాయిగారూ, అందులో ఏమీ లేనట్టే" అన్నాడు. అవునని నొక్కుట యనగా పలకను తుడిచి క్రొత్తగా గళ్ళు గీయుట. మేము నొక్కలేదు. మాకు భట్టిప్రోలు జ్ఞాపకము వచ్చినది.

భట్టిప్రోలు నాడు గుంటూరు జిల్లాలోనిది. 2022 నుండి బాపట్ల జిల్లాలోనిది. అచ్చటి స్తూపపు దిబ్బను 1892లో పురావస్తు శాఖకు చెందిన అలెగ్జాండరు రీ త్రవ్వించెను. అప్పటికే ఆ స్తూపపు ఇటుకలు రోడ్డుకును, చలువరాతి పలకలు కాలువ కట్టడమునకును పోయినవి. అయినను గర్భము చెదరక నిలిచినది. అందు మూడు రాతి పేటికలు, వానిలో స్ఫటికపు భరిణెలు, బంగారు పువ్వులు, ముత్యములు దొరకినవి. పేటికల అంచులపై ప్రాకృత భాషలో వ్రాతలు కలవు. అవి క్రీస్తునకు పూర్వము సుమారు రెండవ శతాబ్దివని పండితులు తలతురు. బ్యూలరు ఇంకను కొంచెము ముందునకు జరిపెను.

ఆ వ్రాత బ్రాహ్మీ లిపి. బ్రాహ్మికి తాళపుచెవి అప్పటికే దొరకియున్నది. 1837లో కలకత్తాలో జేమ్సు ప్రిన్సెప్, సాంచీ స్తూపపు చిన్న చిన్న శాసనములను వరుసగా పరికించుచు, అనేక శాసనముల చివర ఒకే రెండు అక్షరములు వచ్చుట గమనించెను. గుడిలో రాతిపై వ్రాసికొనునది దాతయే గదా, అట్లయిన ఈ చివరి మాట 'దానం' కావలెనని యూహించెను. ఆ రెండక్షరములతో తలుపు తెరచుకొన్నది. అశోకుని శాసనములు అటుపై చదువబడినవి.

కాని భట్టిప్రోలు పేటికలకు ఆ తాళపుచెవి సరిగా పట్టలేదు. ఇక్కడి మకారము తలక్రిందులుగ నున్నది. ఘ, జ, ల వంటి కొన్ని అక్షరములకు వేరు రూపములు. అంతకన్న చిత్రమైనది అకారపు సంగతి. అశోకుని లిపిలో ఏ గుర్తును లేని అక్షరమే 'క' యగును. అడ్డగీత చేర్చిన 'కా' యగును. భట్టిప్రోలులో అట్లు కాదు. ఏ గుర్తును లేనిది పొల్లు హల్లు. గీత చేర్చిననే 'క'. దీర్ఘమునకు మరియొక గుర్తు. మన తలకట్టు వంటిదన్న మాట. అందుచేత అశోకుని లెక్కతో చదివినచో 'కమల' యనునది 'కామాలా' యని పలుకును. అక్షరము చెరగలేదు, రాయి పగులలేదు, చదువరి కన్ను మంచిదే. అయినను వచ్చునది తప్పుడు మాట.

ఇట్టి వ్రాతను చూచి పాడైపోయినదనుటయు సులువే, చెక్కినవానికి చదువు రాదనుటయు సులువే. వియన్నాలో ఆచార్యుడైన జార్జి బ్యూలరు ఆ రెండు మాటలును అనలేదు. ఈ తేడా లెల్ల ఒక క్రమములో నున్నవనియు, ఇది బ్రాహ్మిలోనే వేరొక పద్ధతి యనియు గుర్తించి ఆ పద్ధతినిబట్టి చదివెను. 1894 నాటి ఎపిగ్రాఫియా ఇండికా రెండవ సంపుటములో పాఠము వెలువడినది. కుబిరకుడను రాజు పేరు అందు కలదు. చరిత్రకారులు ఎక్కువగా చెప్పుకొనునది ఆ రాజునే. మాకు మాత్రము మరియొక పంక్తి ప్రియమైనది. కుర యను నొకని తండ్రియు, తల్లియు, కురయు, శివ యనువాడును కలిసి బుద్ధుని ధాతువుల నుంచుటకై పేటికయు స్ఫటికపు భరిణెయు చేయించిరని దాని భావము. ఒక కుటుంబము పేరు రెండువేల యేండ్లు మూతపడి యుండి, తన లెక్క తెలిసినవాడు వచ్చిన దినమున పలికినది.

అన్ని పేటికలకు ఇంత భాగ్యము లేదు. భట్టిప్రోలునకు ఎగువ కృష్ణయొడ్డుననే యున్న అమరావతి సంగతి చూడుడు. 1797లో కల్నలు మెకంజీ ఆ దిబ్బను మొదట చూచెను. అప్పటికే వాసిరెడ్డి వేంకటాద్రి నాయుని క్రొత్త పట్టణమునకు అక్కడినుండి రాళ్ళు తరలుచున్నవి. మరికొన్ని సున్నపు బట్టీలకు పోయినవి. మెకంజీ 1816లో మరల వచ్చి, చిత్రకారులచేత ఉన్న పలకల నున్నట్లుగా గీయించెను. వానిలో కొన్ని పలకలు తరువాత మాయమైనవి. వాని బొమ్మలు నేటికిని లండనులో నున్నవి. 1880లో మదరాసు గవర్నరు బకింగుహాము ప్రభువు మేలు చేయుదునను కొని దిబ్బ నంతయు ఒక్కసారిగ త్రవ్వించెను. ఏ రాయి ఎక్కడ నుండెనో చెప్పు గుర్తులు ఆ త్రవ్వకములో చాలవరకు పోయినవి. దోచినవారికంటె ఈ మేలుకోరినవారి తొందరయే మాకు ఎక్కువ భయము గొల్పును.

హార్డు డిస్కు విషయమునను అంతే. 1956లో ఐ.బి.ఎం. సంస్థ చేసిన మొదటి హార్డు డిస్కులో 24 అంగుళముల వెడల్పుగల పళ్ళెములు 50 ఉండెను. అన్నియు కలిసి పట్టినవి 50 లక్షల అక్షరములు. నేడు పెట్టె చిన్నదైనది, పట్టునది పెరిగినది, ఏర్పాటు మాత్రము అదియే. గ్రామఫోను ముల్లు రికార్డును తాకును. ఇక్కడి చదువు కొన తాకదు, తిరుగు పళ్ళెముపై దుమ్ముకణముకన్న సన్నని యెడములో తేలును. మూత తీసి చూతమను ఉబలాటము అందుచేతనే ప్రమాదకరము. జిన్నింగు మిల్లుల నూగును, మిరప యార్డు ఘాటును కలిసిన మా గాలిలో తెరచినచో చెప్పనే యక్కరలేదు. లోపల టకటకమని కొట్టుకొను డిస్కును వెంటనే ఆపి, తెలిసినవారి కీయవలెను. మాది అట్లు కొట్టుకొనలేదు. తిరుగుచున్నది, చదువబడుట లేదు. కావున చిక్కు రాతిలో కాదు, లిపిలో నుండవచ్చునని యనుకొంటిమి.

అప్పుడు గుర్తునకు వచ్చినది: ఆ పాత కంప్యూటరులో నడచినది విండోసు కాదు, లినక్సు. సమాచారమును పేర్చు లెక్క రెంటికిని వేరు. తన లెక్క కనబడనిచో విండోసు దానిని ఖాళీ యని తలచి ఫార్మాటు చేయుదునా యని యడుగును. డిస్కును లినక్సుగల కంప్యూటరునకు తగిలించితిమి. అయినను ఫైళ్ళను తెరువలేదు. దానిపై ఏమియు వ్రాయక, ముందు మొత్తమునకు మెకంజీ బొమ్మల వలె ఒక నకలు తీయించితిమి. డీడీరెస్క్యూ అను ఉచిత సాధనము మొదట చక్కగ చదువబడు భాగముల నెత్తికొని, మొండికేసిన చోట్లకు తరువాత మరల మరల వచ్చును. మూడు గంటలలో పని చాలవరకు అయినది. చివరి కొద్ది భాగమునకు రాత్రి యంతయు పట్టినది.

తెల్లవారి నకలును తెరచితిమి. ఒక పర్చూరు పాట నడుమ తెగినది. తక్కినవి వచ్చినవి. మేనత్త పాటకు ముందు ఆమె దగ్గు, వెనుక కోడి కూత, "ఇది రేడియోలో వస్తుందా అబ్బాయ్" అను ప్రశ్న, ఆ తరువాత పాట.