పడవ ఇంజిన్ చదువు

వరంగల్ దగ్గరి మడికొండ నుంచి సముద్రం రెండు వందల కిలోమీటర్లకు పైనే ఉంటుంది. ఊళ్లోని మెట్టుగుట్ట దిగి హైదరాబాద్ రోడ్డెక్కితే ట్రాక్టర్ బాగుచేసేవాళ్లు, బైకు బాగుచేసేవాళ్లు కనిపిస్తారు. పడవ ఇంజిన్ విప్పే మనిషితో ఈ ఊరికి పనేముంటుంది?

2023 జూలై ఆ ప్రశ్నకు జవాబు చెప్పింది. 27న మోరంచ వాగు పొంగి భూపాలపల్లి జిల్లా మోరంచపల్లిని ముంచెత్తింది. ఇళ్ల కప్పులెక్కి కూర్చున్న జనాన్ని హెలికాప్టర్లతో, పడవలతో బయటికి తెచ్చారు. రెండు రోజులకే వరంగల్‌లో భద్రకాళి చెరువు కట్టకు గండి పడింది. అలాంటి వేళ కాలనీలోకి వచ్చే రబ్బరు పడవ వెనక చిన్న మోటారు ఒకటి వేలాడుతూ ఉంటుంది. తాడు లాగితే అది అందుకుంటుందా లేదా అన్నదాని మీద ప్రాణాలు ఆధారపడి ఉంటాయి.

ఔట్‌బోర్డ్ అనే ఆ మోటారును జనంలోకి తెచ్చినవాడు ఓలె ఎవిన్‌రూడ్. నార్వేలో పుట్టి చిన్నతనంలోనే అమెరికా చేరిన మెకానిక్. 1909లో మిల్వాకీలో ఆయన నిలబెట్టిన యంత్రం బరువు దాదాపు 28 కిలోలు, శక్తి ఒకటిన్నర హార్స్‌పవర్. అంతకుముందే ఇలాంటివి చేసినవాళ్లు ఉన్నా, నమ్మకంగా నడిచి ఇంటింటికీ చేరింది ఇదే. భార్య బెస్ వ్యాపారం, ప్రకటనలు చూసుకుంది. ఇంజిన్, షాఫ్టు, గేర్లు, ప్రొపెల్లర్ అన్నీ ఒకే ముక్కగా పడవ వెనక చెక్కకు బిగుస్తాయి. రెండు మరలు వదులు చేస్తే ఊడొస్తాయి. మరమ్మతుకు ఇది పెద్ద వరం. పడవను ఒడ్డుకు లాగక్కర్లేదు, ఇంజిన్‌నే భుజానేసుకుని షెడ్డుకు తేవచ్చు. ఎవిన్‌రూడ్ పేరుతో మోటార్ల తయారీని 2020లో ఆపేశారు. అయినా పాత మోటార్లు ఇంకా తిరుగుతున్నాయంటే ఆ ఘనత బాగుచేసేవాళ్లదే.

తెలుగు నేల మీద నీటి యంత్రాల చదువు ఈ మోటారు కంటే పాతది. ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో ముగిసింది. దాని వెంటే వెలసిన వర్క్‌షాపుల్లో స్థానిక కమ్మర్లు, వడ్రంగులు కొత్త యంత్రాల పని పట్టారు. గోదావరిని ఎగువ దాకా జలమార్గం చేయాలని ఆనకట్ట కట్టించిన ఇంజనీరు ఆర్థర్ కాటన్ పట్టుబట్టాడు. రాళ్లు అడ్డొచ్చే దుమ్ముగూడెం, ఇచ్చంపల్లి దగ్గర దారి తీసే పనులూ సాగాయి. 1871లో ప్రభుత్వం ఆ పథకాన్ని వదిలేసింది. ఇచ్చంపల్లి నేటి భూపాలపల్లి జిల్లాలోదే. ఆ దారి తెరుచుకుని ఉంటే పడవ యంత్రాల షెడ్లు ఓరుగల్లుకు ఇంత దూరంగా ఉండేవి కావు.

దేశంలో చేపల పడవకు ఇంజిన్ చదువు మళ్లీ నార్వే నుంచే వచ్చింది. 1952లో భారత్, నార్వే, ఐక్యరాజ్యసమితి కలిసి ఒప్పందం చేసుకున్నాయి. కేరళలో కొల్లం దగ్గరి నీండకరలో పని మొదలైంది. అక్కడి నాటు పడవలకు ఇంజిన్లు బిగించి చూస్తే కుదరలేదు. అందుకని పడవల రూపాన్నే మార్చారు.

ఆంధ్ర తీరం కష్టం వేరు. చాలాచోట్ల రేవు ఉండదు. అలల్ని చీల్చుకుంటూ వచ్చి పడవ నేరుగా ఇసుక మీదే ఆగాలి. ప్రొపెల్లర్ నేలకు తగిలితే రెక్క విరుగుతుంది, షాఫ్టు వంగుతుంది. 1979లో మద్రాసు కేంద్రంగా మత్స్యకారుల కోసం మొదలైన బే ఆఫ్ బెంగాల్ ప్రోగ్రామ్ ఈ సమస్య మీదా పనిచేసింది. డీజిల్ ఇంజిన్, షాఫ్టు, ప్రొపెల్లర్ మొత్తం ఒకేసారి పైకి లేచే పడవల్ని రూపొందించి ఆంధ్ర, ఒడిశా తీరాల్లో పరీక్షించింది. కదిలే భాగాలు పెరిగాయి కాబట్టి బాగుచేసే చేతులూ కావాల్సి వచ్చాయి. 1981లో విశాఖలో మత్స్య శిక్షణ సంస్థ సిఫ్‌నెట్ శాఖ తెరుచుకుంది. 1963లో కొచ్చిలో మొదలైన ఈ కేంద్ర సంస్థ, పదో తరగతి చదివిన పిల్లలకు రెండేళ్ల మెరైన్ ఫిట్టర్ కోర్సు నేర్పుతుంది. తరగతి గదితో పాటు సముద్రం మీదా చదువు సాగుతుంది.

తీరం మీది అసలు బడి మాత్రం మేస్త్రీ పక్కనే. కుర్రవాడు మొదట పానాలు అందిస్తాడు, తర్వాత ప్లగ్గు విప్పుతాడు. దాని మొన లేత గోధుమ రంగులో ఉంటే ఇంజిన్‌లో మంట సరిగ్గా ఉన్నట్టు. నల్లగా తడిసి ఉంటే ఆయిల్ ఎక్కువైందో, కార్బరేటర్ సరిగ్గా లేదో చూడాలి. తర్వాత గేర్ ఆయిల్. అది పాలు కలిపిన టీలా కనిపిస్తే సీలు పోయి నీళ్లు చొరబడినట్టే. ఇంజిన్ నడుస్తుండగా పక్క నుంచి సన్నని నీటిధార బయటికి కొడుతూ ఉండాలి. అది తగ్గితే లోపల నీరు తోడే రబ్బరు ఇంపెల్లర్ రెక్కల్ని ఇసుక అరగదీసి ఉంటుంది. చూడకుండా నడిపితే ఇంజిన్ వేడెక్కి పట్టేస్తుంది. కిరోసిన్‌తో నడిచే మోటారైతే ఇంకో క్రమశిక్షణ కావాలి. పెట్రోల్‌తో స్టార్ట్ చేసి, వేడెక్కాక కిరోసిన్‌కు మార్చాలి. ఆపేముందు మళ్లీ పెట్రోల్ మీద కాసేపు నడపాలి. అలా చేయకపోతే కార్బరేటర్‌లో కిరోసిన్ మిగిలి మర్నాడు తాడు ఎంత లాగినా పలకదు. నీళ్లలో మునిగిన మోటారుకైతే గంటలే గడువు. ప్లగ్గులు తీసి లోపలి నీళ్లు వంచాలి, మంచినీళ్లతో కడగాలి, ఆయిల్ పోసి తాడు లాగి తిప్పాలి, వీలైతే ఆరోజే నడపాలి. ఒక్క రోజు జాప్యమైనా బేరింగులకు తుప్పు పడుతుంది.

ఉప్పునీటి మెకానిక్‌కు శత్రువు తుప్పు. చెరువు మెకానిక్ తలనొప్పి గుర్రపుడెక్క, ప్లాస్టిక్ సంచులు. 1973లో కవాసాకి బజారులోకి తెచ్చిన జెట్ స్కీ జాతి బళ్లకు బయట ప్రొపెల్లర్ ఉండదు. అడుగు నుంచి నీళ్లు పీల్చి వెనక్కి చిమ్మి ముందుకు దూకుతాయి. ఆ పీల్చే దారిలో ఒక్క నాచు తీగ చుట్టుకున్నా ఇంజిన్ రేసవుతుంది కానీ బండి కదలదు. అలవాటు లేనివాడు ఇంజిన్ విప్పడం మొదలుపెడతాడు. తెలిసినవాడు ముందు ఇంజిన్ ఆపి, కింద చేయి పెట్టి చూస్తాడు.

కాకతీయ గణపతిదేవుడి కాలం నాటి పాకాల, లక్నవరం చెరువులు ఉన్న నేల ఇది. లక్నవరంలో పర్యాటకులకు పడవలు తిరుగుతున్నాయి. వరదొస్తే జాతీయ విపత్తు దళం ఎన్డీఆర్ఎఫ్ బయటి నుంచి కదిలి రావాలి. ఆ లోపు మొదటి గంటల్లో పనికొచ్చేది జిల్లాలో ఉన్న పడవే. దాని మోటారుకు అసలు జబ్బు వాడకం లేకపోవడం. ట్యాంకులో నెలల తరబడి నిలవున్న పెట్రోల్ జిగురుగా మారి కార్బరేటర్ సన్న రంధ్రాల్ని మూసేస్తుంది.

వరంగల్ ఐటీఐల్లో డీజిల్ మెకానిక్ ఏడాది కోర్సు. అందులో ఒక నెల ఔట్‌బోర్డ్ మోటారుకు కేటాయించడం కష్టమేమీ కాదు. ఇంజిన్ సూత్రాలు ఆ పిల్లలకు ఎలాగూ వచ్చు. కొత్తగా నేర్వాల్సింది గేరు పెట్టె సీలు, ఇంపెల్లర్ మార్చడం, మునిగిన మోటారును బతికించడం. జిల్లా యంత్రాంగం తన పడవల మోటార్లను ఆ పిల్లల చేతికే సర్వీసింగుకు ఇవ్వాలి. నెలకోసారి నీళ్ల డ్రమ్ములో దించి పదిహేను నిమిషాలు నడిపి, ఎవరు నడిపారో, ఏం మార్చారో రిజిస్టర్‌లో రాయించాలి. జూన్ రాకముందే ప్లగ్గులు, ఇంపెల్లర్, ఇంధనం మూడూ కొత్తవి వేయాలి. దీనికయ్యే ఖర్చు ఒక మోటారు ధరలో చిన్న భాగమే.