నెల్లూరు తీరము – కెరటముల పంచాంగము

నెల్లూరునుండి తూర్పుగా పోవు బాట సుమారు 15 మైళ్లు సాగి మైపాడు వద్ద ఇసుకలో ముగియును. మాఘ ఫాల్గుణములలో ఆ ఒడ్డున నిలిచినవారికి సముద్రము నిండిన చెరువువలె కనిపించును. చిన్న కెరటమొకటి మెల్లగా వచ్చి, పాదములు తడిపి, వెనుకకు పోవును. ఆశ్వయుజ కార్తికములలో అదే చోట నిలిచినచో ప్రక్కనున్నవాని మాట వినిపించదు. ఒకదాని వెనుక నొకటిగా కెరటముల వరుసలు విరుగుచుండును. ఒడ్డుననున్న పడవలను బెస్తలు ఇంకను పైకి లాగికొందురు.

చోటు ఒకటే, సముద్రము ఒకటే, మారినది ఋతువు. దీనిని సముద్రుని కోపప్రసాదములని పూర్వులు భావించి యుండవచ్చును గాని, నిజమునకు ఈ కెరటములకొక పంచాంగము గలదు. ఆ పంచాంగము తెలిసి మెలగినవారు ఈ తీరమున బ్రతికిరి, వర్తకము చేసిరి. దానిని లెక్కచేయనివారి నౌకలు ఇసుకమేటల పాలయ్యెను. అంతటితో కథ ముగియలేదు. పంచాంగమునకు అందని దినములు కూడ గలవు. ఆ దినములను ముందుగా తెలిసికొనుటకు మనుజుడు పడిన పాటే ఈ తీరచరిత్రలో ముఖ్యమైన ఘట్టము.

కెరటము ఎట్లు పుట్టునో మొదట చూతము. నీటిపై గాలి వీచినపుడు కెరటము లేచును. గాలి ఎంత వేగముగా, ఎంతసేపు, ఎంత దూరము అడ్డులేక వీచునో, కెరటము అంత పెద్దది యగును. లోతైన నీటిలో అది ప్రశాంతముగా సాగిపోవును. ఒడ్డు సమీపించి లోతు తగ్గినపుడు క్రింది భాగము నేలను తాకి నెమ్మదించును. పైభాగము ముందుకు వ్రాలి విరుగును. మనము ఒడ్డున చూచు నురుగు, వినెడి హోరు ఆ విరుగుటయే. కావున ఒడ్డున గాలి లేకున్నను కెరటము రావచ్చును. అది ఎచ్చటనో, ఎన్నడో వీచిన గాలి పంపిన జాబు.

ఈ జాబులు నెల్లూరు తీరమునకు రెండు దిక్కులనుండి వచ్చుచున్నవి. మొదటిది దక్షిణము. ఆఫ్రికా ఆస్ట్రేలియాల నడుమ, దక్షిణ హిందూమహాసముద్రమున, పడమటి గాలులు ఏడాది పొడవున ఉధృతముగా వీచుచుండును. అచ్చట లేచిన దీర్ఘతరంగములు ఐదారు దినములు ప్రయాణించి మన తీరమును చేరును. సింహళ ద్వీపము అడ్డుగా నున్నందున వాని బలము కొంత తగ్గును. అయినను చైత్రము మొదలు భాద్రపదము వరకు మన ఒడ్డున విరుగు నిడుపైన కెరటములలో పెక్కింటి జన్మస్థానము అదియే. వేసవి మధ్యాహ్నములలో దక్షిణమునుండి వీచు పైరగాలి వీనిపై చిన్న అలలను రేపును. జ్యేష్ఠ ఆషాఢములలో నైరుతి గాలి పశ్చిమ కనుమలలో వాన కురిపించి, నెల్లూరు చేరునప్పటికి పొడిగాలియై, నేలనుండి సముద్రమునకు వీచును. ఉదయమున ఆ గాలి ఎదురొడ్డినపుడు కెరటము వెంటనే కూలక నునుపుగా నిలిచి విరుగును. మద్రాసుకు దక్షిణమున కోవళము వంటి చోట్ల నేడు పలకలపై నిలిచి కెరటములపై జారు క్రీడను అభ్యసించు యువకులు ఇట్టి ఉదయములకై వేచియుందురు.

రెండవ జాబు ఈశాన్యమునుండి వచ్చును. అక్టోబరు మధ్యమున గాలి దిశ మారును. నైరుతి మరలి, ఈశాన్యపుగాలి బంగాళాఖాతము పొడవున వీచి, కెరటములను తిన్నగా మన ఒడ్డుకు తోలుకొని వచ్చును. నెల్లూరు మండలమున ఏడాదివానలో సగమునకు మించినది ఈ మూడు మాసములలోనే కురియును. పెన్నకు వరద వచ్చి, వేసవిలో ముఖద్వారమున అడ్డుపడిన ఇసుకను త్రోసివేయును. సముద్రములోని ప్రవాహము సైతము తిరుగబడును. ఫిబ్రవరినుండి మే వరకు ఉత్తరముగా పోవు తీరప్రవాహము, అక్టోబరునుండి డిసెంబరు వరకు దక్షిణముగా పోవును. సంక్రాంతి దాటిన పిమ్మట గాలి సన్నగిల్లి, మరల మాఘమునాటి ప్రశాంతి వచ్చును.

ఋతువునుబట్టి దిశ మార్చుకొను ఈ గాలిని అరబ్బు నావికులు బాగుగా ఎరుగుదురు. మాన్సూన్ అను మాట ఋతువను అర్థము గల మౌసిమ్ అను వారి మాటనుండి వచ్చినదే. అయినను ఎంత ఎరిగినను నావ గాలివానలో చిక్కుకొనుట తప్పెడిది కాదు. అట్లు చిక్కి ఒడ్డుకు కొట్టుకొనివచ్చిన నావలలోని ధనమంతయు రాజునకు చెందునని పూర్వకాలపు ఆచారము. సముద్రము చంపక విడిచిన వర్తకుని రాజు దోచెడివాడు. ఈ అన్యాయమును మాన్పినవాడు కాకతీయ గణపతిదేవ చక్రవర్తి. నెల్లూరికి ఉత్తరమున, ఇప్పటి బాపట్ల జిల్లాలోని మోటుపల్లి రేవునందు 1244–45లో ఆయన వేయించిన అభయశాసనము నేటికిని నిలిచియున్నది. తుఫానువాత బడి ఒడ్డు చేరిన నావల సరకును ఇకమీదట అపహరింపమనియు, నియతమైన సుంకము మాత్రమే గ్రహింతుమనియు అందు ఆయన మాట యిచ్చెను. గాలిని శాసించుట ఏ రాజునకును సాధ్యము కాదు. గాలికి చిక్కినవానిని ఆదుకొనుట మాత్రము సాధ్యమని ఆ శాసనము నిరూపించినది.

నాలుగు వందల ఏండ్లు గడచెను. పులికాటులో డచ్చివారు స్థిరపడియుండగా, ఆంగ్లేయ వర్తకులు 1626లో దుర్గరాజపట్టణమున కోఠీ పెట్టుకొనిరి. వారు దానిని ఆర్మగాన్ అని పిలిచిరి. ఆ చోటున ప్రకృతి చేసిన ఏర్పాటొకటి కలదు. ఒడ్డుకు కొన్ని మైళ్ల దూరమున, నీటిలోపల, తీరమునకు సమాంతరముగా ఒక పొడవైన ఇసుకతిప్ప యున్నది. తూర్పునుండి వచ్చు కెరటములు దానిపై విరిగి బలము కోల్పోవును. తిప్పకును ఒడ్డుకును నడుమ నీరు ఎంతో నెమ్మదిగా నుండును. పిమ్మటివారు దీనికే బ్లాక్‌వుడ్ హార్బరు అని పేరిడిరి. కోరమండల తీరమున ఇట్టి నీడ అరుదు. అయినను ఆర్మగానులో నేతబట్టలు చౌకగా దొరకలేదు. కోఠీ అధికారి ఫ్రాన్సిస్ డే దక్షిణమునకు పోయి, 1639లో దామెర్ల నాయకులనుండి మద్రాసుపట్టణమున స్థలము సంపాదించెను. మరుసటి ఏట కోఠీ అచ్చటికి తరలెను. కెరటములనుండి రక్షణ గల రేవును విడిచి, కెరటములు నేరుగా మోదు బట్టబయలు ఒడ్డును వారు ఎంచుకొనిరి. బట్టల వెల ముందర కెరటముల మాట చెల్లలేదు. ఇటీవల 2014 నాటి రాష్ట్ర పునర్విభజన చట్టములో దుర్గరాజపట్టణమున మహానౌకాశ్రయపు తొలిదశ 2018 నాటికి ముగియవలెనని వ్రాసిరి, అదియు నెరవేరలేదు.

మద్రాసు ఒడ్డు ఎంచుకొన్న దానికి మూల్యము చెల్లింపవలసి వచ్చెను. పెద్ద ఓడలు దూరమున లంగరు వేసికొని నిలిచెడివి. మనుషులను, మూటలను కెరటములు దాటించి ఒడ్డు చేర్చుటకు మసూలా పడవలే శరణ్యము. ఈ పడవల పలకలను మేకులతో బిగింపక కొబ్బరిత్రాటితో కుట్టుదురు. మేకులు కొట్టిన పడవ కెరటపు దెబ్బకు పగిలిపోవును. కుట్టిన పడవ వంగి, సాగి, దెబ్బను ఓర్చుకొనును. కొయ్యదుంగలు కట్టిన తెప్పకును అదే గుణము. విలాయతి నావికులు తమ నావలను విడిచి ఈ పడవలనే నమ్ముకొనిరనగా, తీరవాసుల నేర్పు ఎట్టిదో గ్రహింపవచ్చును. ఇక ఈశాన్య కాలమున, అక్టోబరు మధ్యనుండి డిసెంబరు మధ్యవరకు, ఓడలు ఈ తీరమున నిలువరాదని నియమమేర్పడెను.

ఆ నియమమును మీరిన ఫలితము 1746లో కనబడెను. ఫ్రెంచి నౌకాధిపతి లా బూర్దొన్నే సెప్టెంబరులో మద్రాసును పట్టుకొనెను. పట్టణమును ధనము గైకొని విడువవలెనా, ఉంచుకొనవలెనా అని ఆయనకును డూప్లేకును వివాదము పుట్టెను. ఉత్తరములు నడచుచుండగా దినములు గడచెను. అక్టోబరు 13వ తేదీ రాత్రి గాలివాన వచ్చి ఆయన నౌకాదళమును ఛిన్నాభిన్నము చేసెను. వెయ్యిమందికి పైగా జలసమాధి యైరి. అట్లని నియమమును పాటించినవారందరును సురక్షితులని తలపరాదు. 1761 జనవరి 1న, గడువు దాటి రెండు వారములు గడచిన పిమ్మట, పుదుచ్చేరిని ముట్టడించియున్న ఆంగ్ల నౌకాదళముపై తుఫాను విరుచుకొనిపడెను. పంచాంగము సామాన్య దినములకే గాని అసామాన్య దినములకు గాదని నావికులు ఎరిగిరి.

కెరటముల బాధ తప్పించుకొనుటకు నెల్లూరు తీరమున మరియొక ఉపాయము కుదిరెను. 19వ శతాబ్దారంభమున మద్రాసు వద్ద మొదలిడిన ఉప్పుకాలువ క్రమముగా ఉత్తరమునకు సాగి, 1876–78 కరవుకాలమున కూలిపనిగా విస్తరింపబడి, నాటి గవర్నరు పేర బకింగ్‌హాం కాలువ యయ్యెను. సముద్రమునకు కూతవేటు దూరమున, కెరటముల ధ్వని వినుచునే, కట్టెలు, ఉప్పు, ధాన్యము గల పడవలు నిశ్చలమైన నీటిపై మద్రాసు చేరెడివి. మద్రాసులో రాతిగోడలతో రేవు కట్టబూనగా, 1881 నవంబరు తుఫాను ఆ గోడలను చాలవరకు కూల్చెను. గోడలు మరల లేచిన తరువాత సముద్రము వేరొక విధముగా బదులు చెప్పెను. ఏడాదిలో ఎక్కువ కాలము కెరటములు దక్షిణపు వాలుగా తాకుటచే తీరపు ఇసుక ఉత్తరముగా జరుగుచుండును. గోడ అడ్డుపడగా దక్షిణమున ఇసుక మేటవేసి మెరీనా విశాలమయ్యెను. ఉత్తరమున రాయపురము ఒడ్డు కోసుకొనిపోయెను. కృష్ణపట్నము మొదలు రామాయపట్నము వరకు నేడు రేవుగోడలు కట్టువారు ఎన్నడును మరువరాని పాఠమిది.

ఇక అసామాన్య దినముల మాట. అక్టోబరు నవంబరులలో అఖాతపు నీరు వెచ్చగా నుండును; పై గాలుల తాకిడి తగ్గియుండును. అందుచే అల్పపీడనము వాయుగుండమై, వాయుగుండము తుఫానై బలియును. 1875లో భారత వాతావరణ శాఖ ఏర్పడిన నాటినుండి వీని జాడ తీయుట శాస్త్రమయ్యెను. ఆ శాఖకు అధిపతియైన గిల్బర్ట్ వాకర్ దూరసముద్రముల వాయుపీడనమునకును మన వానలకును సంబంధము కలదని 1920 ప్రాంతమున కనుగొనెను. పసిఫిక్ మహాసముద్రము వెచ్చనైన ఎల్ నినో ఏట మన ఈశాన్యవాన పెచ్చుపెరుగుట కద్దు; 2015లో నెల్లూరు నీట మునిగిన దట్టి ఏడే. 1989 నవంబరులో కావలి వద్ద తీరము దాటిన తుఫాను మరింత ఆశ్చర్యకరము. అది మన అఖాతమున పుట్టినదే కాదు. సయాము సింధుశాఖలో పుట్టి, మలయా ద్వీపకల్పమును దాటి, అఖాతము నడ్డముగా వచ్చి, 8వ తేదీ రాత్రి మన మండలమును తాకెను. 2023 డిసెంబరులో మిగ్‌జాం తుఫాను నెల్లూరు ఒడ్డును ఒరసికొనుచు పోయి బాపట్ల వద్ద నేల నెక్కెను. ఒడ్డుననున్నవాడు ఆకాశము చూచి ఇట్టివానిని ముందుగా ఎరుగజాలడు.

1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచినపుడు సుమారు పదివేలమంది మరణించిరి. తుఫాను వచ్చునని తెలియుట వేరు, ఆ మాట కట్టకడపటి పాకకు చేరుట వేరు, చేరిన మాటను నమ్మి ఇల్లు విడచుట వేరు అని ఆ రాత్రి మనకు నేర్పెను. నేడు సముద్రమునకు ఎంతో దూరముననున్న హైదరాబాదులో సముద్ర సమాచార కేంద్రము కెరటముల ఎత్తును, దక్షిణమునుండి బయలుదేరిన దీర్ఘతరంగముల రాకను దినములకు ముందే లెక్కగట్టుచున్నది. మత్స్యకారులకు హెచ్చరికలు ఆకాశవాణి ద్వారా వెలువడుచున్నవి. చదువువాడు వానిని నిమిషములో చదివి ముగించును. వినువారికి అవి విసుగు పుట్టించు అంకెలుగా తోచవచ్చును. కాని ఆ అంకెల వెనుక పడవ నీటిలో దింపవలెనా వలదా అని తేల్చుకొనవలసిన కుటుంబములు ఎన్నియో యున్నవి. ఒకనాటి వేట మానిన ఒకనాటి కూడు పోవును. మానకున్న మనిషియే పోవచ్చును.

గణపతిదేవుడు ఒడ్డు చేరిన సరకునకు అభయమిచ్చెను. ముందుగా అందిన మాట ఒడ్డు విడువబోవు ప్రాణమునకు అభయమిచ్చుచున్నది. ఈ కార్తికమున వార్తల చివర సముద్రపు సమాచారము వినిపించినపుడు, మన ఇంటికి దానితో పని లేకున్నను, కొంచెము సేపు యంత్రమును కట్టివేయక యుంచుదము. ప్రక్కవీధిలో ఆ మాటకై చెవియొగ్గి కూర్చున్నవారు ఉండవచ్చును.