దైవముతో పెనుగులాట, ఆత్మసమర్పణము: ఫ్రాన్సు దేశమందలి యొక వివాదము

క్రైస్తవ ధర్మగ్రంథమున దైవముతో పెనుగులాడిన వారి వృత్తాంతములు రెండు మిక్కిలి ప్రసిద్ధములు. యాకోబు యబ్బోకు రేవు చెంత రాత్రియంతయు నొక దివ్యపురుషునితో పోరాడి, తుంటికీలు తప్పినను పట్టు విడువక, ఆశీర్వాదమును, ఇశ్రాయేలు అను నూతన నామమును పొందెను. సౌలు దమస్కు మార్గమున నేలగూలి, మునికోలను తన్ను ఎద్దుతో పోల్చబడి, లొంగిపోయి, పిమ్మట అపొస్తలుడయ్యెను. మొదటివాడు పోరి గెలిచెను. రెండవవాడు ఓడి గెలిచెను. కావున పెనుగులాట దోషమనియు, లొంగుబాటు గుణమనియు క్రైస్తవము తేలికగా తీర్పు చెప్పలేదు. ఎంతవరకు లొంగవలెను, లొంగినవానికి కోరిక, ఆశ, ప్రయత్నము మిగులునా అను ప్రశ్న ఆ మతమును పలుమారులు కలచినది. 17వ శతాబ్ది చివర ఫ్రాన్సులో ఆ ప్రశ్న రాజాస్థానమునకును, చెరసాలకును కూడ ప్రాకినది.

దీనికి బీజము రోమునగరమున పడినది. స్పెయిన్ దేశీయుడగు మీగెల్ ద మోలినోస్ 1675లో ‘ఆధ్యాత్మిక మార్గదర్శి’ అను గ్రంథమును ప్రకటించెను. ఆత్మ తన వ్యాపారమును మాని నిశ్చలమై నిలిచినచో ఈశ్వరుడే అందు పనిచేయునని దాని సారము. తొలుత గొప్ప గౌరవము పొందిన ఈతడు 1685లో నిర్బంధింపబడెను. 1687లో పోపు పదునొకండవ ఇన్నోసెంట్ ఆతని ప్రతిపాదనలు 68 ఖండించెను. మోలినోస్ 1696లో చెరయందే మరణించెను. ఈ వాదమునకు ‘క్వయటిజము’ అను పేరు పడినది, తెలుగున నిశ్చలవాదమనవచ్చును. ఆ పేరు పుట్టినది మొదలు మౌనధ్యానమును గూర్చి వ్రాసినవారెల్లరు అనుమానమునకు గురియైరి.

అట్లు గురియైన వారిలో మదాం గుయోన్ ముఖ్యురాలు. ఆమె 1648లో జన్మించి, పదునారవయేట వివాహితయై, 1676లో వితంతువయ్యెను. ప్రార్థనకు సులభమార్గమును బోధించు చిన్న పుస్తకమును 1685లో ప్రకటించెను. అక్షరము రానివారు సైతము హృదయమున మౌనముగా ప్రార్థింపగలరనుట ఆమె సాహసము. 1688లో కొన్ని నెలలు నిర్బంధమందుండి విడుదలయైన పిదప, ఆమెకు ఫెనెలోన్ పరిచయమయ్యెను. ఈతడు 1689లో రాజు పదునాలుగవ లూయీ మనుమనికి గురువుగను, 1695లో కాంబ్రే పీఠమునకు ఆర్చిబిషప్పుగను నియుక్తుడైన మహాపండితుడు. ఆతని ప్రత్యర్థియగు బొస్సుయే అంతకు పూర్వము ఆ బాలుని తండ్రికి గురువు. తండ్రి గురువునకును కొడుకు గురువునకును జరిగిన వాదమిది యని చమత్కారముగా అనవచ్చును గాని, ఫలితము చమత్కారమైనది కాదు.

1697లో ఫెనెలోన్ మహాత్ముల సూక్తులను వివరించుచు ఒక గ్రంథము వ్రాసెను. నరకభయముచే భజించుట, స్వర్గాపేక్షచే భజించుట అను మెట్లు దాటినచో నిష్కామప్రేమ కలదని ఆతని మతము. అట్టి ప్రేమగలవాడు తన రక్షణను సైతము తన లాభముగా కోరడు. ఈశ్వరుడు దానిని సంకల్పించినాడు గనుక కోరును. కడపటి శోధనలలో ఆత్మ తన నిత్యశ్రేయస్సు నందలి స్వార్థమును నిశ్శేషముగా అర్పింపగలదని కూడ ఆతడు వ్రాసెను. బొస్సుయేకు ఇది సహింపరానిదయ్యెను. విశ్వాసము, ప్రేమలవలెనే నిరీక్షణయు దైవవిహితమైన గుణము. దైవమాజ్ఞాపించిన దానిని దైవమునకే అర్పించితినని విడుచుట విధేయత యెట్లగును? ఆనందకాంక్ష లేని ప్రేమ మనుష్యునకు సాధ్యము కాదనియు ఆతడు వాదించెను. నాకు ఈ ప్రశ్న బలమైనదిగానే తోచుచున్నది.

ఇచట ఆంధ్ర పాఠకునకు శ్రీవైష్ణవుల ప్రపత్తివిచారము జ్ఞప్తికి రాకమానదు. తల్లిపిల్లి తన కూనను నోట కరచుకొని పోవునని తెంగలైవారు, కోతిపిల్ల తల్లిని తానే పట్టుకొనవలెనని వడగలైవారు చెప్పిరి. అయినను పోలికకు హద్దు కలదు. అచట విచారింపబడినది మోక్షమునకు జీవప్రయత్నము వలయునా అనునది. ఫ్రాన్సున విచారింపబడినది మోక్షమును కోరుటయే తగునా అనునది. రెండవది మరింత కఠినము.

వాదము కరపత్రముల యుద్ధముగా మారెను. సమర్పణమును బోధించిన ఫెనెలోన్ ఎదురుత్తరములిచ్చుటలో ఎంతమాత్రము వెనుదీయలేదు. 1698లో బొస్సుయే మదాం గుయోన్ నమ్మి యొసగిన ఆత్మకథాప్రతిని, ఫెనెలోన్ జాబులను ఆధారముగా చేసికొని ఒక పరిహాసగ్రంథమును వెలువరించెను. ఇది ఆతని పాండిత్యమునకు కళంకమే. రోమున పరీక్షకులు సమభాగములుగా చీలిరి. రాజు తీర్పుకై తొందరపెట్టెను. తుదకు 1699 మార్చి 12న పోపు పండ్రెండవ ఇన్నోసెంట్ ఆ గ్రంథమునుండి 23 ప్రతిపాదనలు ఖండించెను. వానిని పాషండములని మాత్రము పేర్కొనలేదు.

ఆ వార్త ఫెనెలోన్‌కు ఉపన్యాసపీఠమెక్కబోవు సమయమున అందెననియు, సిద్ధపరచుకొనిన ప్రసంగమును మాని విధేయతను గూర్చి మాటలాడెననియు చరిత్రకారులు వ్రాసియున్నారు. ఏప్రిల్‌లో ఆతడు తన గ్రంథమును తానే నిషేధించుచు పీఠమందంతటను ఆజ్ఞాపత్రము ప్రకటించెను. ఇది నటనయని కొందరనిరి. తాను తప్పు భావమును ఎన్నడును తలపలేదనియు, తన మాటలే సరిగా లేవనియు ఆతడు ఆంతరంగికముగా అనుచుండుట నిజము. అయినను ఇందు నటన కనబడదు. తీర్పు వెలువడువరకు వాదించుట, వెలువడిన పిదప ప్రజలయెదుట తలవంచుట, మనసు నమ్మని నేరమును మనసుచేత ఒప్పింపకుండుట ఒకేవ్యక్తియందు ఇముడును. ఆతని సిద్ధాంతమున దుర్బలమైన భాగము నిరీక్షణను గూర్చినది; ఆచరణము అంత దుర్బలమైనది కాదు.

మదాం గుయోన్‌కు పీఠము లేదు, తలవంచుటకు సభయు లేదు. 1695 చివర మరల పట్టుబడి, వేన్సెన్ కోటయందును, 1698 నుండి బాస్టీల్ కారాగారమునందును ఆమె బంధితురాలయ్యెను. సమర్పణపత్రములపై చేవ్రాలు చేసెను గాని, తాను నమ్మని దోషములను నమ్మితినని ఒప్పుకొనలేదు. 1703లో విడుదలయై బ్లువా పట్టణమున 1717లో మరణించువరకు ఆమె కథోలిక సంఘమందే యుండెను. ఆమె గ్రంథములను ప్రచురించినవాడు ప్రొటస్టెంటగు పియేర్ ప్వారే. ఆమె జీవితమును 1776లో సంగ్రహించి ఇంగ్లీషువారికి అందించినవాడు మెథడిస్టుల మూలపురుషుడు జాన్ వెస్లీ.